సాలీడుపై నింద.. తేలుపై నిర్లక్ష్యం

తెల్లవారేసరికి మెడపైనో, చేతిపైనో పొక్కులు లేస్తే 'రాత్రి సాలీడు పాకింది' అనుకోవడం పల్లెల్లో పరిపాటి. అదే తేలు కుడితే మంత్రం వేయించుకుని, ఉల్లిపాయ రుద్దుకుని తెల్లారి పనిలోకి పోయేవారు నేటికీ ఉన్నారు. గడ్డి కోసేటప్పుడు నడుం దగ్గర కుట్టిపోయే నలుసంత పురుగు సంగతి అసలు లెక్కలోకే రాదు. సాలీడు, తేలు, ఆ నలుసు పురుగు.. మూడూ ఒకే తరగతికి చెందిన జీవులు కావడం విశేషం. అయితే ప్రమాదం విషయంలో జనం వేసుకున్న వరుస మాత్రం పూర్తిగా తలకిందులు. అందరూ జడిసే సాలీడు మన ప్రాంతంలో మనిషికి చేసే హాని అతి స్వల్పం. అందరూ తేలికగా తీసుకునే ఎర్రతేలు పసిపిల్లల ప్రాణాన్ని గంటల వ్యవధిలో తీయగలదు. కంటికి ఆనని పురుగు మోసుకొచ్చే జ్వరాన్ని సకాలంలో గుర్తించకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పైగా ఒక దానికి చేసే చికిత్స మరొక దానికి పనికిరాదు. అందుకే కుట్టింది ఏదో తెలుసుకోవడం అవసరం.

కీటకాలు కావు..

సాలీడును, తేలును మనం పురుగుల జాబితాలో వేస్తాం. శాస్త్రవేత్తలు కూడా ఒకప్పుడు అదే పని చేశారు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వెలువరించిన గ్రంథంలో వీటిని రెక్కలు లేని కీటకాల కింద చేర్చారు. ఆ తర్వాత సుమారు నాలుగు దశాబ్దాలకు ఫ్రాన్సుకు చెందిన లామార్క్ వీటిని కీటకాల నుంచి వేరు చేశారు. ఈ తరగతి పేరు అరాక్నిడా. గ్రీకు పురాణ కథల్లో దేవతతో నేతలో పోటీపడి సాలీడుగా మారిన అరాక్నీ అనే యువతి పేరు మీదుగా వచ్చింది. మన భాషలోనూ సాలీడుకు నేతతోనే చుట్టరికం. శ్రీకాళహస్తి క్షేత్రం పేరులోని 'శ్రీ' సాలెపురుగేనని తెలిసిన వారికి దానిపై ఇంత నింద ఎందుకు పడిందో ఆశ్చర్యం కలుగుతుంది.

గుర్తుపట్టడం సులభం. కీటకానికి ఆరు కాళ్లు, తల, రొమ్ము, ఉదరం అనే మూడు భాగాలు, తలపై రెండు మీసాలు ఉంటాయి. చాలావాటికి రెక్కలు కూడా ఉంటాయి. అరాక్నిడా జీవులకు ఎనిమిది కాళ్లు. తల, రొమ్ము కలిసిపోయి ఒకే భాగంగా ఉంటాయి. మీసాలు, రెక్కలు ఉండవు. నోటి దగ్గర ఒక జత కోరల వంటి అవయవాలు, వాటి పక్కనే మరో జత చేతుల వంటి అవయవాలు ఉంటాయి. సాలీడులో ఆ మొదటి జతే విషపు కోరలు. తేలులో రెండో జత పెరిగి కొండెలుగా మారింది. విషం మాత్రం తోక చివరి కొండిలోకి చేరింది. మూలం ఒకటే అయినా ఆయుధం ఉన్న చోటు మారింది. అందుకే సాలీడు కరుస్తుంది, తేలు కుడుతుంది. జెర్రి ఈ కోవలోకి రాదు. కాళ్ల సంఖ్యే ఆ సంగతి చెబుతుంది.

ఈ తరగతిలో సాలీళ్ల జాతులే ఎక్కువగా పేరు పొందాయి. ప్రపంచవ్యాప్తంగా వాటి పేర్లను నమోదు చేసే జాబితాలో 2022లో 50 వేల జాతి చేరింది. తేళ్లు సుమారు 2,500 జాతులు. పశువులకు పట్టే పిడుదులు, గోమార్లు, కంటికి కనిపించీ కనిపించని నల్లుల వంటి సూక్ష్మజీవులు మరో పెద్ద వర్గం. మంచంలో కుట్టే నల్లి మాత్రం కీటకమే. దీనిని, వాటిని ఒకటిగా భావించరాదు. ఇవి గాక పాత పుస్తకాల మధ్య తిరిగే, తోక లేని బుల్లి తేలు వంటి జీవి, భయపడితే వెనిగర్ వాసన చిమ్మే కొరడా తోక జీవి, గోడ మూలల్లో గుంపుగా ఊగే పొడుగు కాళ్ల జీవి వంటివీ ఉన్నాయి. చివరి మూడింటిని చూసి జనం హడలిపోతారు గానీ మనిషికి వాటితో ప్రాణభయం లేదు.

విషం ఉంది.. కాటే లేదు

సాలీళ్లలో దాదాపు అన్నింటికీ విషం ఉంటుంది. విష గ్రంథులు లేని కుటుంబం ఒకటి రెండు మాత్రమే. అయినా వాటి విషం ఈగను, దోమను, బొద్దింకను కదలకుండా చేయడానికి ఏర్పడింది. మనిషి వాటికి ఆహారం కాదు. చాలా సాలీళ్ల కోరలు మన చర్మాన్ని చీల్చలేవు. చీల్చగలిగినవి కూడా నలిగినప్పుడో, చొక్కాలోనో బూటులోనో ఇరుక్కున్నప్పుడో తప్ప కరవవు.

శాస్త్రవేత్తలు సాలీళ్లను కోరల తీరును బట్టి ప్రధానంగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గంలో కోరలు రెండూ సమాంతరంగా పైనుంచి కిందకు గునపంలా దిగుతాయి. ఒళ్లంతా నూగుతో అరచేయంత ఉండే టరంటులాలు ఈ వర్గానివే. రెండో వర్గంలో కోరలు పటకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి. మన ఇళ్లలో కనిపించేవి దాదాపు ఈ రెండో వర్గానివే.

టరంటులా అనగానే మన రాయలసీమ గుర్తుకు రావాలి. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడును లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త పోకాక్ 1899లో తొలిసారి వర్ణించారు. ఆ తర్వాత శతాబ్దం పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అంటే గుత్తికి అది కలప దుంగలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందన్నది శాస్త్రవేత్తల అభిప్రాయం. నెమలి మెడను తలపించే ఆ నీలి రంగు కోసం విదేశాల్లో సాలీళ్లను పెంచే వారు దీనిపై మోజుపడ్డారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2008లో దీనిని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. 2019లో ఈ ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పరిధిలోకి వచ్చింది. ఈ ప్రజాతి సాలీళ్లు కరిస్తే నొప్పితో పాటు కండరాలు పట్టేసి, ఆ బాధ కొన్ని రోజుల వరకూ ఉండవచ్చు. అయినా మరణాలు నమోదు కాలేదు. లెక్క చూస్తే ఆ సాలీడు నుంచి మనిషికి కన్నా మనిషి నుంచి ఆ సాలీడుకే ముప్పు ఎక్కువ.

ప్రాణాంతక సాలీళ్లు లేవని కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిసరాల్లో ఉండే గరాటు గూడు సాలీడు వల్ల 13 మంది మరణించినట్లు నమోదైంది. 1981లో విరుగుడు మందు అందుబాటులోకి వచ్చాక అక్కడ దాని కాటుతో ఒక్కరూ చనిపోలేదు. నల్ల వితంతు సాలీడుగా పేరొందిన ప్రజాతికి చెందినవి మన దేశంలోనూ కొన్ని ఉన్నాయి. ఇవి కరిస్తే కడుపు, నడుము కండరాలు బిగుసుకుపోయి చెమటలు పడతాయి. కాటు పడిన చోట కండ కుళ్లే గోధుమ రంగు సాలీడు గురించి అమెరికాలో ఎంతో భయం ఉంది. కానీ అక్కడి కాన్సాస్ రాష్ట్రంలో ఒకే ఇంట్లో ఆరు నెలల్లో 2,055 గోధుమ సాలీళ్లను పట్టారు. ఆ ఇంట్లో కాపురమున్న నలుగురిలో ఒక్కరికీ కాటు పడినట్లు ఆధారం లేదు. 2002లో ప్రచురితమైన ఈ పరిశీలన తర్వాత, పుండు కనిపించగానే సాలీడును నిందించడం తగదని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. వాటిలో చాలా వరకు బ్యాక్టీరియా వల్ల వచ్చే గడ్డలే.

మన దగ్గర 'సాలీడు పాకింది' అనే పొక్కుల కథా ఇంతే. వానాకాలంలో దీపం చుట్టూ ముసిరే, నలుపు నారింజ రంగుల పట్టీలున్న సన్నని పురుగు ఒకటి ఉంది. అది కుట్టదు, కరవదు. మెడపై వాలినప్పుడు అసంకల్పితంగా చేత్తో నలిపితే దాని ఒంట్లోని రసం చర్మానికి అంటి మరునాటికి గీతలా పొక్కులు లేస్తాయి. దానికి ఆరు కాళ్లు. అంటే అది సాలీడు కులమే కాదు. ఒకే పక్కన నడుం చుట్టూ వరుసగా నీటి పొక్కులు లేచి మంట పుడితే అది సర్పి కావచ్చు. సర్పి వైరస్ వ్యాధి. మొదటి రెండు మూడు రోజుల్లో మందు మొదలుపెడితేనే ఫలితం బాగుంటుంది. సాలీడు పాకిందని ఆకు పసరు పూస్తూ కూర్చుంటే ఆ రోజులు గడిచిపోతాయి.

నాటు వైద్యం వల్ల అసలు కాటు కన్నా ఎక్కువ నష్టం జరిగే ప్రమాదమూ ఉంది. 2012లో అస్సాంలోని తిన్‌సుకియా జిల్లా సదియాలో సాలీళ్లు గుంపులుగా వచ్చి కరిచాయని, ఇద్దరు మరణించారని వార్తలు దేశమంతా పాకాయి. అయితే వారికి గాయాన్ని బ్లేడుతో కోసి రక్తం కార్చే నాటు వైద్యం జరిగిందని, సాలీడు విషమే ప్రాణం తీసిందని నిర్ధారణ కాలేదని అప్పట్లోనే వెల్లడైంది.

సాలీడు నిజంగానే కరిస్తే సబ్బు నీటితో కడిగి, చల్లని గుడ్డ పెట్టి, గమనిస్తే చాలు. కండరాలు బిగుసుకోవడం, వాంతులు, చర్మం నల్లబడటం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి.

కొండ మీది తేలు.. ఇంట్లో తేలు

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం కొండ మీద జరిగే తేళ్ల పండుగ తెలియనిది కాదు. భక్తులు రాళ్లు తిప్పి తేళ్లను పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. చేతులపై, ముఖంపై పాకించుకుంటారు. కుట్టినా గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తే నొప్పి పోతుందని నమ్మకం. సరిహద్దు దాటితే కర్ణాటకలోని యాద్గిర్ జిల్లా కందకూరులో నాగపంచమి నాడు కొండమ్మాయి గుడి వద్ద ఇదే దృశ్యం. భక్తుల విశ్వాసాన్ని తప్పు పట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. నెమ్మదిగా పట్టుకుంటే, నొక్కకపోతే తేలు సాధారణంగా కుట్టదు. కుట్టినా చాలా జాతుల తేళ్ల విషం కొన్ని గంటల నొప్పితో సరిపోతుంది. కొండ మీద అయినా, మంత్రగాడి వాకిట అయినా నొప్పి తగ్గడానికి ఇదే కారణం. పదిమందిని తేలు కుడితే అత్యధికులకు ఏ వైద్యం చేయకపోయినా తగ్గుతుంది. ఆ తగ్గుదల మంత్రం ఖాతాలో జమ అవుతుంది. మిగిలిన ఒకరిద్దరి విషయంలోనే చిక్కంతా. అక్కడ పోయేది కాలం.

చూడగానే పోల్చుకునేందుకు ఒక గుర్తుంది. మండ్రగబ్బ వంటి పెద్ద నల్లతేలుకు కొండెలు బలంగా, లావుగా ఉంటాయి. ఎరను కొండెలతోనే నలిపేయగలదు గనుక విషంపై ఆధారపడటం తక్కువ. ఎర్రతేలు చిన్నది. కొండెలు సన్నగా, తోక లావుగా ఉంటుంది. బలమంతా విషంలోనే. చూడటానికి భీకరంగా ఉన్నదాని కన్నా చిన్నదే ప్రమాదకరమన్నమాట. మహారాష్ట్ర కొంకణ తీరం, సౌరాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఈ ఎర్రతేలు ఉంది. రాళ్ల కుప్పలు, ఇటుకల సందులు, పిడకల గూళ్లు, కట్టెల మోపులు, గోడ పగుళ్లు దీని నివాసాలు. రాత్రి వేట. వేసవిలోను, తొలకరిలోను కాట్లు ఎక్కువ.

దీని విషం నరాల్లోని సోడియం మార్గాలను మూసుకోనివ్వదు. కుళాయి తిప్పి వదిలేసినట్లు నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఫలితంగా ఒంట్లో అడ్రినలిన్ వంటి రసాయనాలు వరదలా విడుదలవుతాయి. రక్తనాళాలు కుంచించుకుపోతాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె ఆ ఒత్తిడిని తట్టుకోలేక అలసిపోతుంది. చివరకు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి రోగి ఊపిరాడక, దగ్గుతో గులాబీ రంగు నురగ కక్కుతాడు. అంటే తేలు విషం చంపేది కుట్టిన చోట కాదు, గుండె దగ్గర.

ఈ రహస్యాన్ని పెద్ద నగరంలోని పరిశోధనశాల గాక పల్లె వైద్యుడే ఛేదించడం గమనార్హం. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో 1976లో బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలు కాటుతో పిల్లలు ప్రాణాలు కోల్పోవడం చూశారు. నాటికి తీవ్ర లక్షణాలు కనిపించిన వారిలో నూటికి 30 నుంచి 40 మంది మరణించేవారు. రోగుల మంచం పక్కనే కూర్చుని గంట గంటకూ నాడి, రక్తపోటు రాసుకుని, మరణానికి కారణం గుండె వైఫల్యమేనని ఆయన తేల్చారు. ఆ వివరాలు 1982లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో వెలువడ్డాయి. ఆ తర్వాత రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చవకైన మాత్ర విషం ప్రభావాన్ని తిప్పికొడుతుందని గుర్తించారు. భార్య డాక్టర్ ప్రమోదిని బావస్కర్‌తో కలిసి మహాడ్‌లో చికిత్స కొనసాగించారు. సకాలంలో వచ్చిన వారిలో మరణాలు నూటికి ఒకటి స్థాయికి దిగివచ్చాయి. ప్రాజోసిన్‌తో పాటు తేలు విషపు విరుగుడు మందు కూడా ఇస్తే రోగులు మరింత త్వరగా కోలుకుంటారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో అధ్యయనం ప్రచురించారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది.

తేలు విరుగుడు మందును తయారు చేసే సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ కూడా ఒకటి. పాముకాటుకు ఇచ్చే సూది తేలు విషానికి పనిచేయదు. అది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకే ఉద్దేశించింది. ఆసుపత్రిలో 'విషం సూది వేయండి' అని పట్టుబట్టడం వల్ల ప్రయోజనం లేదు.

నొప్పి లేకుంటే భయపడాలి

తేలు కాటులో జనం నొప్పినే కొలమానంగా తీసుకుంటారు. ఎంత నొప్పి ఉంటే అంత ప్రమాదమనుకుంటారు. వాస్తవం ఇందుకు భిన్నం. కుట్టిన చోట విపరీతమైన నొప్పి ఉండి, ఒళ్లంతా మామూలుగా ఉన్న వారిలో చాలామందికి ప్రాణాపాయం ఉండదు. నొప్పి అంతగా లేకపోయినా వాంతులు, ఒళ్లు తడిసేలా చెమటలు, చేతులు కాళ్లు మంచులా చల్లబడటం, నోట చొంగ, మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం.. వీటిలో ఏది కనిపించినా విషం ఒంట్లో పాకిందని అర్థం. చివరి లక్షణాన్ని సిగ్గుపడి దాచే తల్లిదండ్రులున్నారు. వైద్యునికి మొదట చెప్పవలసింది అదే. 'తేలు కుట్టిన దొంగ'లా ఊరకుండే సందర్భం కాదిది.

కుట్టిన చోట కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, కిరోసిన్ పోయడం కూడదు. ప్రాజోసిన్ చవకైనదని తెలిసింది గదా అని ఇంట్లో పెట్టుకుని మింగించరాదు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయే వీలుంది గనుక రోగిని పడుకోబెట్టి, రక్తపోటు కొలుస్తూ వైద్యులే ఇవ్వాలి. పిల్లలైతే లక్షణాల కోసం ఇంటి దగ్గర ఎదురుచూడకుండా 108కు ఫోన్ చేయాలి. కుట్టిన సమయం గుర్తుపెట్టుకోవడం, వీలైతే తేలును సెల్‌ఫోనులో ఫొటో తీయడం వైద్యునికి ఎంతో ఉపకరిస్తాయి.

ఆరుద్ర పురుగు దాయాది

ఆరుద్ర కార్తెలో తొలి వానలకు నేలపై మఖమల్ ముద్దల్లా కనిపించే ఎర్రని ఆరుద్ర పురుగులను అరచేతిలో పాకించుకోని పల్లె పిల్లలు ఉండరు. ఎనిమిది కాళ్ల ఆ పురుగు కూడా అరాక్నిడాయే. మనిషికి ఏ హానీ చేయదు. అయితే దాని దాయాది ఒకటుంది. గడ్డి, పొదలు, ఎలుకలు తిరిగే గట్లపై బతికే చిగ్గర్ అనే సూక్ష్మజీవి. దీని పిల్లకు ఆరు కాళ్లే. పెద్దయ్యాక ఎనిమిదవుతాయి. మనిషిని కుట్టేది ఆ పిల్ల మాత్రమే. మిల్లీమీటరులో అయిదో వంతు ఉండే ఈ పిల్ల కుట్టినా నొప్పి తెలియదు. దీని కాటుతో ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చేదే స్క్రబ్ టైఫస్. 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇది కలవరం రేపింది.

ఇందులో విషం లేదు, ఉన్నది సూక్ష్మక్రిమి. కనుక చికిత్స కూడా వేరు. కుట్టిన వారం, పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షల చుట్టూ తిరిగేలోగా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ వంటి సాధారణ మందులతో చాలామంది రెండు మూడు రోజుల్లోనే తేరుకుంటారు. గుర్తించేందుకు ఒక ఆధారం ఉంది. కుట్టిన చోట బీడీతో కాల్చినట్లు నల్లని పక్కు కడుతుంది. అయితే అది చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర బట్ట బిగిసే చోట, స్త్రీలకు రొమ్ముల కింద ఉంటుంది. నొప్పి ఉండదు గనుక రోగికే తెలియదు. అందరిలోనూ కనిపించదు కూడా. అయిదు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే ఇంట్లోనే ఒళ్లంతా వెతికి చూసి, అటువంటి పక్కు ఉంటే వైద్యునికి చూపాలి. పొలం పనికో, గడ్డి కోతకో వెళ్లి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రి రద్దీలో ఆ ప్రశ్న అడిగే తీరిక అందరికీ ఉండదు.